దొంగ దీపం పెట్టని మనిషి

జులై పన్నెండు, శనివారం. ఉదయం పది గంటలు. లౌటోకా, మన సంఘం హాలులో సంతాప సభ.

హాజరైనవారు: అధ్యక్షుడు, ఆయన భార్య, కోశాధికారి, పూజారి గారు, సబేటో నుంచి చనిపోయినావిడ తమ్ముడు, ఆవిడతో కలిసి హోటళ్ళకు పనిచేసిన ఇద్దరు, మహిళా విభాగం నుంచి పదకొండు మంది, హాలు చూసుకునే జోనే, మా ఆవిడ, నేను. వీళ్ళు కాక పద్నాలుగు ట్యూబులైట్లు, అన్నీ వెలుగుతున్నవే. బయట ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

డైరీలో ఆ రోజు ఇంతే రాశాను. మిగతాది రాయబోతే కలం కాగితాన్ని చింపేసింది. ముసలితనం వల్ల కాదు, కోపం వల్ల. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. సముద్రాల అవతలి ఈ దీవి ఊళ్ళో మనవాళ్ళం ఎంతమందిమి, పేర్లు లేకపోయినా గుర్తుపడతారు. ఆవిడ పేరు రాయకపోవడానికి కారణం మాత్రం వేరు. రాయకూడని ఒక చోట ఆ పేరు రాశారు. అది చూశాక మళ్ళీ రాయడానికి మనసొప్పడం లేదు.

సభలో రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. పూజారి గారు శాంతి మంత్రం చదివారు. తర్వాత అధ్యక్షుడు ఉత్తరపు గోడ దగ్గరికి నడిచి ఒక పసుపు గుడ్డ తొలగించాడు. అద్దం బిగించిన చట్రంలో ఈ హాలు బొమ్మ. హాలు కట్టకముందు కంప్యూటర్‌లో తయారుచేసి సభ్యులకు చూపించిన బొమ్మ అది. అందులో దక్షిణపు కిటికీల్లోంచి బంగారంలాంటి ఎండ ఏటవాలుగా దిగి, నేలంతా సాగి, ఎదురుగా ఉత్తరపు గోడ మీది పాలరాతి పలకల దాకా వచ్చి మెరుస్తూ ఉంటుంది. చట్రం కింద ఇత్తడి రేకు. ఈ చిత్రం వేసినది ఫలానా అని దాని మీద ఇంగ్లీషులో ఆవిడ పేరు.

"ఇది మా దీదీ మనకిచ్చిన ఆఖరి కానుక," అన్నాడు అధ్యక్షుడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ తమ్ముడు వెళ్ళి మునివేళ్ళ మీద లేచి ఆ అక్షరాలను వేలితో తడిమి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ బొమ్మ ఆవిడ వేసింది కాదు. ఏ పని చేయనని ఆవిడ జీవితమంతా మొండికేసి కూర్చుందో, సరిగ్గా ఆ పని ఆ బొమ్మలో ఉంది. చచ్చిపోయిన మనిషి లేచి వచ్చి కాదనదు కదా. అందుకని ఆవిడ పేరు తీసుకెళ్ళి ఆ అబద్ధం కింద మరలు పెట్టి బిగించారు. నేను లేచి నిలబడ్డాను. ఒక్క మాట చెప్పాలి అన్నాను.

"భయ్యా, బైఠో బైఠో," అంటూ అధ్యక్షుడు నా భుజం నొక్కాడు. "సంతాప సభలో గొడవలొద్దు. సమోసాలు చల్లారిపోతాయి."

అందుకే ఆవిడ ఎలాంటి మనిషో నాకు తెలిసినంత రాసి పెడుతున్నాను.

ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఒక పెద్ద సాంబారు గరిటె ఉంది, మెడలో కెమెరా. కట్టని గదులకు బొమ్మలు వేయడం ఆవిడ వృత్తి. హోటలు వాళ్ళు పునాది తవ్వకముందే గది ఎలా ఉంటుందో చూపించమంటారు. ఆవిడ కంప్యూటర్‌లోనే గోడలు లేపి, మంచం వేసి, పరదాలు కట్టి, సూర్యుణ్ణి పెడుతుంది. చూసినవాళ్ళు ఫోటో అనుకుంటారు. మాది పాత కాలపు చెక్క ఇల్లు. అలాంటి ఇంట్లో పగటి వెలుతురు ఎలా ఉంటుందో చూడాలని అడిగి వచ్చింది.

వచ్చి కూర్చోలేదు. గోడల మీది దేవుడి పటాలు చూడలేదు, కొత్త సోఫా చూడలేదు. తల ఎత్తి పైకప్పు చూస్తూ నిలబడింది. ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడ అంతే. పెళ్ళివారింట్లో కూడా పెళ్ళికూతురి కంటే ముందు పైకప్పును పలకరించి వచ్చేది.

"మామా, ఈ గదికి వెలుతురు ఇచ్చేది ఏటి?" అని అడిగింది.

"కిటికీ," అన్నాను.

"కాదు. కాకీ, మీ ఎర్ర చీర ఏదన్నా ఇవ్వండి."

మా ఆవిడ ఉతికిన చీర ఒకటి తెచ్చి ఇచ్చింది. ఆవిడ దాన్ని కిటికీ కింద, నేల మీద ఎండ పడిన చోట పరిచింది. తెల్లటి పైకప్పు ఎర్రబడింది. ఎదురు గోడ ఎర్రబడింది. నా మీసం కూడా ఎర్రబడిందని మా ఆవిడ నవ్వింది. "ముసలాయనకి ఇన్నేళ్ళకి సిగ్గొచ్చింది," అంది.

"చూశారా మామా. ఎండ కిటికీలోంచి ఒక్కసారే వస్తాది. తర్వాత పని నేలది. నేల పైకప్పుకి ఇస్తాది, పైకప్పు గోడకి, గోడ మళ్ళీ మీ మొహానికి. కిటికీలోంచి వచ్చేది వెలుగు. ఇట్లా అందరూ పంచుకున్నాక ఉండేది వెలుతురు. నా పని అంతా వెలుతురుతోనే."

ఈ రెండు మాటలూ వాయినికోరో చెరకు తోటల్లో ఉండే అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. మన వీధి హిందీలో రెండింటికీ ఉజాలా అన్న ఒక్క మాటే. ఆవిడకు తెలుగు చదవడం రాదు. మాట్లాడేది కూడా ముక్కలు ముక్కలుగానే. కానీ ఆ రెండు మాటలు తారుమారు చేస్తే మాత్రం ఊరుకునేది కాదు. సంఘంలో పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళకు కూడా ఆ తేడా తెలియదు. నాకూ తెలియదు, ఆ రోజు దాకా.

తర్వాత గరిటెను బోర్లించి ఒక స్టూలు మీద పెట్టి దాని వీపును ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. గరిటె వీపు మీద గది మొత్తం కనిపిస్తుంది: కిటికీ, పైకప్పు, మూలలో బీరువా, నోరు తెరుచుకుని చూస్తున్న మేమిద్దరం. ఏ దిక్కు నుంచి ఎంత వెలుతురు వస్తున్నదీ అందులో ఉంటుందని, దాన్ని కంప్యూటర్‌లో పెట్టి కొలుచుకుంటానని చెప్పింది. కంచె అవతలి నుంచి చూస్తున్న పక్కింటావిడ ఇదేదో దిష్టి తీయడమనుకుంది. "మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసినాయి, మాకూ ఒకసారి తిప్పమ్మా," అని అడిగింది. ఆవిడ నవ్వకుండా వెళ్ళి కోళ్ళ గూడు పైకప్పు కూడా చూసి వచ్చింది. లోపల చీకటిగా ఉంది, ఒక రేకు తీయమని చెప్పింది. రేకు తీశారు. కోళ్ళు గుడ్లు పెట్టాయో లేదో నా డైరీలో లేదు.

ఆవిడ పనిగది చక్కెర మిల్లుకు దగ్గర్లో ఉండేది. చెరకు ఆడే నెలల్లో కిటికీ అంచుల మీద మసి పడుతుంది కదా, హోటలు గదుల బొమ్మల్లో కూడా కిటికీ అంచున సన్నగా మసి పెట్టేది. హోటలు వాళ్ళు తుడిచేయమనేవారు. "లౌటోకా పక్కన మసి లేని కిటికీ ఉంటే అది కిటికీ కాదు మామా, క్యాలెండరు," అనేది. ఒక బొమ్మ తయారవడానికి ఆ రోజుల్లో కంప్యూటర్‌కు ఒక పగలంతా పట్టేది. మొదట తెర మీద ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా కనిపించి, గంటలు గడిచేకొద్దీ నున్నబడేది. మధ్యలో నేను వెళ్ళి చూసి బాగుందంటే ఒప్పుకునేది కాదు. "ఇంకా పలుకుంది," అనేది, కుండలో అన్నం చూసినట్టు. పలుకు పోయేదాకా ఎవరికీ చూపించేది కాదు.

ఆవిడ నోట తరచుగా వినపడే మాట ఇంకొకటి ఉంది. దొంగ దీపం. కంప్యూటర్‌లో గది కట్టినప్పుడు మూలలు చీకటిగా వస్తే, చాలామంది అక్కడొక కనపడని దీపం పెడతారట. బల్బు ఉండదు, వైరు ఉండదు, బొమ్మలో ఎక్కడా కనిపించదు. మూల మాత్రం వెలుగుతుంది. చూసేవాడికి గది ముచ్చటగా ఉంటుంది.

"అది పెడితే ఏమవుతుంది?" అని అడిగాను ఒకసారి.

"ఏమీ అవదు. బొమ్మ బాగుంటాది. తర్వాత గది కడతారు. గదిలో ఆ దీపం ఉండదు. ఆ మూలలో మంచం వేసుకుని ఒక మనిషి ఇరవై ఏళ్ళు పడుకుంటాడు." తెర వైపు తిరిగి అంది, "నేను దొంగ దీపం పెట్టను మామా. మూల చీకటైతే గోడ మార్చమంటాను. గోడ మార్చరా, చీకటిని చీకటిగానే వేస్తాను."

దీనివల్ల ఆవిడకు పని పోయిన సందర్భాలున్నాయి. ఒక హోటలు యజమాని ఒకే కిటికీలోంచి సూర్యోదయమూ సూర్యాస్తమయమూ కావాలన్నాడట. రెండింటిలో దేన్ని రద్దు చేయమంటారని అడిగి ఇంటికి వచ్చేసింది.

ఇలాంటి మనిషిని మేము హాలు బొమ్మ వేయమని అడిగాం.

అప్పుడు సంఘం కార్యదర్శిని నేనే. హాలు ప్లాను తయారై ఉంది. దక్షిణాన రోడ్డు, అటువైపు పన్నెండడుగుల వరండా, దాని వెనక కిటికీలు. ఉత్తరాన ఒక్క కంతైనా లేని గోడ. ఎందుకు లేదంటే అది దాతల గోడ. పేర్లు చెక్కిన పాలరాతి పలకలన్నీ అక్కడ రావాలి. సభ్యులు ఒప్పుకుంటే కట్టడం మొదలుపెట్టాలి. ఒప్పుకోవడానికి బొమ్మ కావాలి.

ఆవిడ రెండు బొమ్మలు తెచ్చింది. కార్యవర్గం తొమ్మిది మందిమి యంగోనా వేరు కషాయం గిన్నె చుట్టూ చాప మీద కూర్చుని చూశాం. మొదటి బొమ్మ మన ప్లాను ప్రకారం. జులై నెల, పగలు పదకొండు గంటలు అని కింద రాసి ఉంది. హాలు వానాకాలం సాయంత్రంలా ఉంది. ఎవరి మొహం ఎవరికీ తెలియని మసక.

"దీదీ, ఇదేటి, పవర్ కట్టా?" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నవ్వారు.

"కాదు తమ్ముడూ. మీ హాలు."

రెండో బొమ్మలో ఉత్తరపు గోడ పైభాగాన మూడు కిటికీలున్నాయి, వాటి మీద చిన్న చూరు. మిగతాదంతా అదే హాలు. కానీ లోపల కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు. "మూడు కిటికీలు. అంతే నేను అడిగేది," అంది.

"మరి పలకలు?"

"కిటికీల మధ్య పెట్టండి."

"మధ్యలో ఎన్ని పడతాయి? మా నాన్న పేరే రెండడుగులు," అన్నాడు అధ్యక్షుడు. మళ్ళీ నవ్వారు. "అయినా దీదీ, దక్షిణాన అన్ని కిటికీలున్నాయి కదా. ఘామ్, అదే ఎండ, దక్షిణం నుంచే వస్తాది. మా ఆజా, మా తాత, చెప్పినాడు. చలికాలం మంచం దక్షిణం వైపు వేసుకోవాల అని."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన తాతలు ఓడెక్కింది విశాఖ, గోదావరి వైపు నుంచి. ఆ ఊళ్ళు భూమధ్యరేఖకు పైన పదిహేడు డిగ్రీల దగ్గర ఉన్నాయి. లౌటోకా భూమధ్యరేఖకు కింద దాదాపు అన్ని డిగ్రీల దగ్గరే ఉంది. అద్దంలో చూసుకున్నట్టు. అక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, ఇక్కడ ఉత్తరంగా నడుస్తాడు. డిసెంబరు చుట్టుపక్కల కొన్ని వారాలు నడినెత్తి దాటి కొంచెం దక్షిణానికి వాలినా, అంత ఎత్తు నుంచి వరండా దాటి లోపలికి రాడు. మా ఆజా కూడా జులై చలిలో మంచం దక్షిణపు వసారాలో వేయించుకుని ఎండ కోసం పడుకునేవాడు. ఎండ వచ్చేది కాదు. ఈ దేశంలో ఎండకు కూడా బద్ధకమే అని తిట్టుకునేవాడు. చనిపోయేదాకా మంచం మాత్రం అటు తిప్పలేదు.

"మీ ఆజా చెప్పింది వాళ్ళ ఊరి ఎండ సంగతి, తమ్ముడూ," అంది ఆవిడ నెమ్మదిగా. "సముద్రం దాటినప్పుడు ఎండ అటు నుంచి ఇటు మారింది. ఆయనకి ఎవరూ చెప్పలేదు."

అధ్యక్షుడి మొహం మారింది. "అంటే మా ఆజా ఝూఠా?"

అంతే. అప్పటిదాకా కిటికీల మాట. ఆ క్షణం నుంచి గిర్మిట్ ఒప్పందం కింద కూలీలుగా వచ్చి, చెరకు నరికి, మనల్ని మనుషుల్ని చేసిన తాతల పరువు మాట. తాతలకు వ్యతిరేకంగా ఎవరు చెయ్యెత్తుతారు? ఆవిడ అందరి మొహాలూ చూసి చివరికి నా వైపు చూసింది. ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే నేను సర్వే ఆఫీసులో చేరాను. పాత జెండా దించి కొత్త జెండా ఎత్తిన ఆ రోజుల్లో నాకు అప్పజెప్పిన మొదటి పని పటాల మీద ఉత్తరం బాణం గీయడం. రిటైరయ్యేదాకా గీస్తూనే ఉన్నాను. కార్యవర్గంలో ఉత్తరం ఎటో, సూర్యుడు ఎటో కాగితం మీద పెట్టి చూపించగలవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను తల దించుకుని మినిట్సు పుస్తకం చూశాను. మా నాన్న పేరున పలక కూడా ఆ గోడ మీదే రావాలి. కారణం ఇంతకంటే గొప్పది ఉంటే బాగుండేది.

తర్వాతి సమావేశానికి ఆవిడను పిలవలేదు. అధ్యక్షుడి మేనల్లుడికి బ్యానర్లు అచ్చువేసే దుకాణం ఉంది. ఆవిడ డిస్కులో పెట్టి ఇచ్చిన హాలును అతను తన కంప్యూటర్‌లో తెరిచి కొత్త బొమ్మ చేసి తెచ్చాడు. ఆ బొమ్మే ఇప్పుడు గోడ మీద ఉన్నది. చూడగానే అందరూ ఆహా అన్నారు. నేను ఆ కుర్రవాణ్ణి పక్కకు పిలిచి ఏం చేశావని అడిగాను.

"పెద్దగా ఏం లేదు అంకుల్. ఊరు ఎక్కడుందో రాసే చోట పదిహేడున్నర అని ఉంది. ముందు ఒక అడ్డగీత ఉంది. అచ్చుతప్పేమో అని తీసేశా. ఫటాక్‌న వెలుగొచ్చేసింది. రెండు మూలలు నల్లగా ఉంటే రెండు లైట్లు పెట్టా, కనపడవులే."

ఆ అడ్డగీత అంటే భూమధ్యరేఖకు కింద అని గుర్తు. అది తీసేస్తే హాలు భూమధ్యరేఖ దాటి విశాఖ పక్కకు వెళ్ళిపోతుంది. మేము లౌటోకాలో కట్టబోయే హాలును, ఎవరూ టిక్కెట్టు కొనకుండానే, తాతల ఊరికి పంపించి ఎండబెట్టి తీసుకొచ్చాం. కుర్రవాడికి తెలియదు. నాకు తెలుసు. సభ్యులు చిత్రం చూసి హర్షం వ్యక్తం చేశారని నేనే మినిట్సులో రాశాను. నా దస్తూరి బాగుంటుందని అందరూ అంటారు.

వారం తర్వాత ఆవిడ మా ఇంటికి వచ్చింది. దుకాణం అద్దంలో ఆ బొమ్మ పెట్టారు, చూసిందట. ఈసారి పైకప్పు వైపు చూడలేదు. మెట్ల మీదే నిలబడింది.

"మామా, ఉత్తరం ఎటు?"

నా చెయ్యి దానంతటదే లేచి చూపించింది. అన్నేళ్ళ అలవాటు.

"మరి పుస్తకంలో రాయలేదేటి?"

చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాను. మా ఆవిడ టీ తెచ్చింది. ఆవిడ నిలబడే పూర్తిగా తాగి, కప్పు కుళాయి దగ్గర కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్నోసార్లు కలిశాం. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను మామా అని పిలవడమూ మానలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

హాలు కట్టారు. ఆవిడ మొదటి బొమ్మలో ఎలా ఉందో అలాగే వచ్చింది, ఆ మసకతో సహా. ప్రారంభోత్సవం రోజునే ట్యూబులైట్లు తెప్పించారు. పూజల రోజుల్లో ఆడవాళ్ళు దండలు కట్టడానికి హాలు మధ్యలో చాపలు వేస్తే, పది నిమిషాల్లో ఒక్కొక్కరే చాప లాక్కుంటూ గుమ్మం దగ్గరికి చేరేవారు. సూదిలోకి దారం ఎక్కించడం కనపడక. ఆవిడ అక్కడే కూర్చుని దారం ఎక్కించి అందరికీ ఇచ్చేది. ఒకసారి అధ్యక్షుడి భార్యే అంది, "దీదీ, ఇక్కడైతే ఎంత బాగుందో, లోపల ఏటో కళ్ళు లాగుతాయి," అని. "ఇక్కడ నేల పనిచేస్తోంది," అంది ఆవిడ. ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమై, లేచి బయటికి వెళ్ళిపోయాను.

మొన్న సంతాప సభ ముగిసి అందరూ సమోసాల దగ్గర గుమిగూడినప్పుడు నేను ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి మా నాన్న పేరున్న పలక మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. గోడకు అవతలి వైపు ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఇన్నేళ్ళుగా ప్రతి పగలూ ఎండ వచ్చి ఆ గోడను తడుతూనే ఉంది. మనం పేర్లు అడ్డం పెట్టుకుని లోపల కరెంటు కాలుస్తున్నాం. పైగా ఆ మూడు కిటికీలు అడిగిన మనిషి పేరునే ఈ బొమ్మకు అంటగట్టాం. రేపు ఎవరైనా ఒక కుర్రాడు ఆ బొమ్మను, హాలును పోల్చి చూస్తే ఏమంటాడు? ఈవిడకు పని రాదు, ఎండ ఎటు వస్తుందో కూడా తెలియదు అంటాడు. ఆవిడ మిగిల్చి వెళ్ళింది ఆ ఒక్క పేరే. పిల్లలు లేరు, ఆస్తి లేదు. ఆ పేరు కింద అబద్ధం ఉండనిస్తే అది రెండోసారి నేను నోరు మూసుకోవడం.

సాయంత్రం ఇంటికొచ్చి అధ్యక్షుడికి ఫోన్ చేశాను. "భయ్యా, పాత సంగతి. ఆవిడకి గౌరవమే కదా చేసింది? నువ్వెందుకు గుండెలు బాదుకుంటావు?" అన్నాడు. గౌరవం. బతికుండగా పవర్ కట్ అని నవ్విన నోటితో.

మర్నాడు ఆదివారం. ఉదయం ఆరున్నరకే ముందుగా సబేటోకు, ఆవిడ తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ ఇత్తడి అక్షరాలు తడిమి కళ్ళు తుడుచుకున్నవాడు. అతనికి చెప్పకుండా తీయడం న్యాయం కాదు.

"మామా, అక్క పేరు గోడ మీద చూసి ఎంత సంతోషమైందో," అన్నాడు నేను నోరు తెరవకముందే.

"అది మీ అక్క వేసిన బొమ్మ కాదు బాబూ."

వెనక ఎక్కడో ట్రాక్టరు చప్పుడు.

"అక్కకి తెలుసా?"

"తెలుసు. బాధపడింది. నా వల్ల కూడా."

"తీసేయండి మామా," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఎనిమిదింటికి హాలుకు వెళ్ళాను. జోనే లైట్లు వేసి నిచ్చెన పట్టుకున్నాడు. నాలుగు మరలు విప్పి రేకు తీసి జేబు రుమాలులో చుట్టాను. దాని చోట నేను రాసుకొచ్చిన కాగితం అంటించాను. "ఈ చిత్రంలో సూర్యుడు దక్షిణాన ఉన్నాడు. లౌటోకాలో ఉండడు. ఇది తెలిసిన మనిషి చెబితే మేము వినలేదు. తెలిసీ ఊరుకున్నవాడు: అప్పటి కార్యదర్శి," అని, కింద నా పూర్తి పేరు.

నిచ్చెన దిగుతుండగానే అధ్యక్షుడి కారు వచ్చింది. ఆవిడ తమ్ముడు ఆయనకూ ఫోన్ చేసినట్టున్నాడు. ఆయన గోడ దగ్గర నిలబడి కాగితం వైపు చాలాసేపు చూశాడు. మన సంఘం అధ్యక్షుడికి తెలుగు చదవడం రాదు.

"ఏటి రాసినావు? చదువు."

చదివాను. ఒక్కొక్క మాటా ఆపి, హిందీలో కూడా చెప్పాను. ఆయన మెడ ఎర్రబడింది. కాగితం మీదికి చెయ్యి పోయింది.

"చింపండి," అన్నాను. "రేపు మళ్ళీ అంటిస్తాను. ఎల్లుండీ అంటిస్తాను. నేను రిటైరైనవాణ్ణి, పొద్దున పూట నాకు వేరే పని లేదు."

చెయ్యి ఆగింది. ఇంకోసారి కాగితం చూశాడు. మొహం నెమ్మదిగా తేటపడింది.

"తెలుగులోనేగా రాసినావు," అన్నాడు. "ఉండనీ భయ్యా. చదివేది నువ్వూ పూజారీ. ఉండనీ."

నా భుజం తట్టి కారు వైపు నడిచాడు. నేను కాగితం చూశాను. కింద సగం ఖాళీగానే ఉంది. మళ్ళీ నిచ్చెన ఎక్కి, కలం తీసి, అదే సంగతి ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. నేను ఒక్కొక్క మాట రాస్తున్నకొద్దీ, కింద నిచ్చెన పట్టుకున్న జోనే దాన్ని గట్టిగా పైకి చదివాడు. కారు తలుపు తీసిన చప్పుడైంది గానీ, మూసిన చప్పుడు కాలేదు.